బియ్యం బస్తాల మీద పేరు

ఒక నటి ఎంత ఎదిగిందో తెలుసుకోవాలంటే నేను రంగస్థలం వైపు చూడను. హాలు ముందు వసారా వైపు చూస్తాను. దేహాంగ్నో నాటకాల వీధిలో నా వ్యాపారం అదే. తొలి ఆటకీ, పుట్టినరోజుకీ, ఆఖరి ఆటకీ అభిమానులు పంపే స్టాండ్లు తయారుచేస్తాను. ఒకప్పుడు అన్నీ పూలతోనే. ఇప్పుడు ఎక్కువగా బియ్యం స్టాండ్లు: మనిషెత్తు చట్రం, రెండు వైపులా వేలాడే రిబ్బన్లు, కింద బియ్యం బస్తాలు. ఆటలయ్యాక ఆ బియ్యం నటి పేరు మీద ఏ అనాథాశ్రమానికో, ముసలివాళ్ల భోజనశాలకో పోతాయి. పూలైతే వాడిపోతాయి, బియ్యానికి ఆ బాధ లేదు. పంపినవాళ్లకు పుణ్యం, నటికి పేరు, నాకు బేరం. ముగ్గురికీ లాభమొచ్చే సరుకు ఇంకొకటి నేను చూడలేదు.

ఈ లెక్కన చూస్తే నామ్ సోరా ఇన్నేళ్లలో సంపాదించింది సున్నా.

సోరా నా దుకాణం పైన డాబా మీది గదిలో అద్దెకుంటుంది. గున్సాన్ రేవు నుంచి వచ్చినప్పుడు ఒక పెట్టె, చర్చిలో పాడి పాడి తేరిన గొంతు తప్ప ఏమీ తేలేదు. మొదట పిల్లల నాటకంలో ఉడుత వేషం వేసింది. తోక బరువుకు నడుము నొప్పి మిగిలింది. తర్వాత బృందంలో లాంతరు పట్టుకునే మనిషి. ఆ తర్వాత ఒక పేరున్న నటికి బదులు మనిషి. ఆవిడకు ఒంట్లో బాగాలేకపోతే ఎక్కడానికి ఆవిడ పాటలన్నీ కంఠతా పట్టి తెర వెనక కూర్చునేది. ఆ నాటకం ఆడినన్నాళ్లూ ఆవిడకు తుమ్ము కూడా రాలేదు. ఆవిడ ఆరోగ్యం సోరాకు నష్టం. ఎవరి తప్పూ లేదు, ఆ బేరం అలాంటిది.

ఈ చలికాలం ‘ఉప్పు రేవు’ అనే నాటకంలో ఆమెకు పెద్ద పాత్ర దొరికింది. రేవులో పూటకూళ్ల ఇల్లు నడిపే బున్‌హీ పాత్ర. దాన్ని ముగ్గురు పంచుకుంటారు. వారాంతాలు యెరాంగ్‌వి. నిన్నటిదాకా కుర్రకారు పాటల బృందంలో ఎగిరిన పిల్ల అది, దాని పేరు చెబితే టికెట్లు కాళ్లొచ్చి నడిచిపోతాయి. మధ్యలో కొన్ని రోజులు టీవీ సీరియల్ పెద్దావిడవి. బుధవారం మధ్యాహ్నం ఆట సోరాది. మా వీధిలో జనం పాత్రకు టికెట్ కొనరు, మనిషికి కొంటారు. నచ్చిన మనిషైతే అదే ఆటను మళ్లీ మళ్లీ చూస్తారు. బుధవారం మధ్యాహ్నం వచ్చేవాళ్లు మాత్రం చవక టికెట్టు చూసి వచ్చేవాళ్లు.

నాటకం బాగా ఆడుతోందనీ, వసంతంలోకి పొడిగిస్తారనీ, అప్పుడు ముగ్గురు బున్‌హీలలో ఇద్దరే ఉంటారనీ వీధిలో పుకారు లేచింది. ఆనాటి నుంచి నా నెత్తిన అడుగుల చప్పుడు ఆగలేదు. డాబా ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఈ చివరకు. మధ్యలో దిండులో ముఖం పెట్టి పాడిన గొంతు. గొంతుకు మంచిదని కాచుకునే దొరాజీ వేరు వాసన మెట్ల మీదంతా. ఆట ఉన్న రోజున జారుడు నాచుతో పులుసు వండితే ఆటలో తనూ జారిపోతానని భయపడి, నా వంటింట్లోనూ వండనివ్వలేదు.

ఒకరోజు పొద్దున్నే దిగి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. రిబ్బన్ల చుట్టలన్నీ తాకుతూ తిరిగింది.

“పిన్నీ, ఒక బియ్యం స్టాండు కావాలి.”

“ఎవరికి?”

“నాకే.”

కత్తెర కింద పెట్టాను. “ఎవరు పంపినట్టు రాయను?”

“ఏదో ఒక అభిమాన సంఘం. ‘సోరా నావ’ అని పెట్టు.”

“ఆ నావలో ఎవరెక్కారు?”

“నేను. నువ్వూ ఎక్కు.”

“నాకు నీళ్లంటే పడదు.”

నవ్వలేదు. “మేంగ్ గారు రోజూ వసారాలో నిలబడి ఎవరికెన్ని వచ్చాయో చూస్తారు పిన్నీ. యెరాంగ్ పేరుతో గోడ పొడుగునా ఉన్నాయి. పెద్దావిడకు టీవీ వాళ్లు పంపారు. నా పేరుతో చెప్పులు పెట్టుకునే స్టాండు కూడా లేదు.”

మేంగ్ గారంటే ఆ నాటకం పెట్టిన ఆసామి. చెడ్డవాడు కాదు. నాలాగే చూసిందే నమ్మే మనిషి.

“విను,” అన్నాను. “ఈ కుర్ర అభిమానులు ఆట చూడ్డానికి ఎంత ముందొస్తారో, రిబ్బన్లు చదవడానికి అంతకంటే ముందొస్తారు. లేని సంఘాన్ని ఫోనులో వెతికితే దొరకదు. ఇవాళ నీకు పేరు లేదు. రేపు చెడ్డపేరు ఉంటుంది. ఏది ఖరీదో చూసుకో.”

“బేరం వద్దంటున్నావా?”

“వచ్చిన బేరాన్ని నేనెప్పుడూ వద్దనలేదు. సరుకు గుణం చెప్పాను.”

ఆమె చుట్టల్లోంచి పచ్చా నీలమూ కలిసిన సముద్రపు రంగు పట్టు తీసింది. ఆ రంగు ఎవరూ అడగరని ఏళ్లుగా అటకెక్కించాను. దాన్నే కత్తిరించమంది. కత్తిరించాను. పేరు తేల్చుకుని చెప్తానంది. చట్రం కట్టి, రాత లేని ఆ రిబ్బను దానికి తగిలించి వెనక గదిలో పెట్టాను. రెండుసార్లు దిగి వచ్చి రెండు పేర్లు చెప్పి, రెండూ వద్దని వెళ్లిపోయింది.

ఆ శనివారం నేను హాలు వసారాలో యెరాంగ్ పుట్టినరోజు స్టాండ్లు సర్దుతున్నాను. మేంగ్ గారు సిగరెట్టు వెలిగించడం మర్చిపోయి నోట్లో పెట్టుకుని వచ్చారు.

“షావుకారమ్మ గారూ, యెరాంగ్ గొంతు వాచిపోయింది. మాటే రావట్లేదు.”

“పెద్దావిడ?”

“సీరియల్ షూటింగుకు జేజు ద్వీపంలో ఉంది. విమానం దొరికినా అందుకోదు.” గోడ పొడుగునా ఉన్న స్టాండ్ల వైపు చూశారు. “సోరాను పిలిచాను.”

నటి మారితే టికెట్టు మొత్తం వాపసివ్వాలి. అది అందరికీ తెలిసిన పద్ధతి. తలుపు మీద కాగితం అంటించగానే కిటికీ ముందు వరుస కట్టారు. వరుస మెట్లు దిగి, కాఫీ దుకాణం దాటి, మలుపు తిరిగింది. ఎవరూ గొడవ పడలేదు. అదే భయంగా ఉంది. ఒక్కొక్కరే వచ్చి, టికెట్టిచ్చి, యెరాంగ్ స్టాండు ముందు ఫోటో దిగి వెళ్లిపోతున్నారు.

సోరా టోపీ, మాస్కు పెట్టుకుని వచ్చింది. ఆ వరుసను ఆ చివర నుంచి ఈ చివరకు చూసి, నన్ను స్టాండ్ల వెనక్కి లాగింది.

“పిన్నీ, నేను ఎక్కితే, ‘నామ్ సోరా పేరు చెప్పగానే హాలు ఖాళీ అయింది’ అంటారు. ఎక్కకపోతే బుధవారం కూడా పోతుంది. ఎటు చూసినా పొడిగింపులో నేను లేను.”

“లెక్క తప్పుగా వేశావు,” అన్నాను. “లేచిపోయిన కుర్చీలు యెరాంగ్ కుర్చీలు. అవి నీవి ఎప్పుడయ్యాయి పోవడానికి? కూర్చుని ఉన్నవాళ్లు మాత్రం నీవాళ్లు. పోయి వాళ్లెంతమందో చూసుకో.”

ఆమె కాళ్లు ఒకచోట నిలవలేదు గానీ, లోపలికే వెళ్లింది.

నేను ఆటలు చూడను. ఆట జరిగే సమయంలో వసారాలో నాకు పని. ఆ రోజు మాత్రం మేంగ్ గారు, “మీరైనా వచ్చి కూర్చోండి, ముందు వరుసలు బోసిపోయాయి,” అని బతిమాలితే చేతి తొడుగులు కూడా తియ్యకుండా వెళ్లి మూడో వరుసలో కూర్చున్నాను. ఉన్నవాళ్లు కొద్దిమంది. దూరపు ఊళ్ల నుంచి వచ్చి సాయంత్రం రైలు దాకా ఎక్కడికీ పోలేనివాళ్లు. మావాళ్లు టికెట్టు మీద ఏ నెంబరుంటే ఆ కుర్చీలోనే కూర్చుంటారు. హాలంతా ఖాళీగా ఉన్నా ముందుకు జరగరు. ఒకరు ఇక్కడ, ఒకరు ఆ మూల, పైన బాల్కనీ చివర ఒక్క పిల్ల. విత్తనాలు చాలక పలచగా చల్లిన మడిలా ఉంది.

నాటకం మధ్యలో ఒక పాట ఉంది. తుఫాను తర్వాత బున్‌హీ గుమ్మంలో నిలబడి, తిరిగొచ్చిన పడవవాళ్లను భోజనానికి పిలుస్తుంది. ‘అన్నం చల్లారుతోంది, రండి’ అని. యెరాంగ్ దాన్ని నడిమధ్యలో నిలబడి, వెలుగులో, ఎదురుగా చూస్తూ పాడుతుందట. దర్శకుడు గీసిన చోటు అది. సోరా అక్కడ నిలబడలేదు. ఎడమ అంచుకు నడిచి ఆ మూల కూర్చున్న ఒక్కణ్ని చూసి మొదటి వరుస పాడింది. కుడివైపుకు వెళ్లి ఇంకొకరికి. తలెత్తి బాల్కనీ చివరి పిల్లకు. లైటు మనిషి కంగారుపడి ఆమె వెనక పరుగెత్తించాడు వెలుగును, ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యంగా. ఆమె చీకట్లో పాడి ముందుకు పోతుంటే వెలుగు వచ్చి ఖాళీ చోటు మీద పడేది. ఇన్నాళ్లూ నా డాబా మీద తిరిగిన తిరుగుడే అది. ఇప్పుడు దానికో దారి దొరికింది. ఒక్కరిని కూడా వదల్లేదు. నా దగ్గరకు వచ్చినప్పుడు నేను తొడుగులు సర్దుకున్నాను.

ఆట అయ్యాక పక్క సందులో నటుల కోసం జనం నిలబడతారు. సోరా కోసం ఎప్పుడూ ఎవరూ ఉండరు, అందుకని అలవాటుగా అవతలి గేటు నుంచి పోయింది. దుకాణంలో నాకు దొరికింది.

“ఆ రిబ్బను పారెయ్ పిన్నీ. వద్దు నాకు.”

“పట్టు అది. పారేస్తారా ఎవరైనా?”

“దర్శకుడు మండిపడుతున్నాడు. నిలబడమన్నచోట నిలబడలేదని. బుధవారం కూడా అలాగే చేస్తే పొడిగింపు మాట మర్చిపొమ్మన్నాడు.”

“మరేం చేస్తావు?”

“తెలీదు,” అని మెట్లెక్కింది. పైన అడుగులు మొదలయ్యాయి.

సోమవారం ముగ్గురు ఆడపిల్లలు నా దుకాణానికొచ్చారు. యెరాంగ్ అభిమానులు కట్టుకునే ఊదారంగు చేతిపట్టీలున్నాయి. వాళ్లలో ముందున్న పిల్ల పేరు హన్బి. బాల్కనీ చివర కూర్చున్నది తనే.

“మీరే కదా మూడో వరుసలో చేతి తొడుగులతో ఏడ్చింది?” అంది.

“జలుబు.”

“మాకూ అదే జలుబు. బుధవారానికి ఒక బియ్యం స్టాండు కావాలి. నామ్ సోరా గారికి.”

“మీరు యెరాంగ్ వాళ్లు కదమ్మా?”

“ఆదివారం యెరాంగ్ వాళ్లమే. బుధవారం ఖాళీ. ఒక షరతు. ఆవిడకు ముందే చెప్పకూడదు. ఆట వేళకు మేం వచ్చి దాని పక్కన నిలబడి ఫోటో దిగాక, అప్పుడు తెలియనివ్వాలి.”

మాటిచ్చాను. కొనేవాడు దాచమన్నది దాచడం నా వ్యాపారంలో మొదటి నియమం. ఏ రంగు అంటే మీ ఇష్టం అన్నారు. వెనక గదిలో కత్తిరించిన పట్టు, కట్టిన చట్రం వృథాగా పడి ఉన్నాయి. ఎవరికోసం కట్టిందో వాళ్లకే పోతోంది, ఇంతకంటే పొదుపు ఏముంటుంది అనుకున్నాను. వాళ్లు చెప్పిన మాట రాసిపెట్టాను: ‘అన్నం చల్లారకముందే వచ్చాం. బుధవారం వాళ్లు.’

బుధవారం మధ్యాహ్నం స్టాండు వసారాలో నిలబెట్టి, మిగతా బస్తాలు దింపడానికి వ్యాను దగ్గరకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి హన్బి, ఇంకో పదిమంది పిల్లలు దాని ముందు నిలబడి ఉన్నారు. చట్రం ఉంది, బస్తాలున్నాయి. రిబ్బను లేదు. ఎవరో లాగినట్టు దారాలు వేలాడుతున్నాయి.

“పిన్నీ, మా మాటేది?” అంది హన్బి. మేంగ్ గారు కూడా టికెట్టు కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నారు.

నాకు వెంటనే అర్థమైంది. ఆటకు ముందు వసారాలోకి తొంగిచూసి పోయే అలవాటు ఒక్కరికే ఉంది. వేషం గదికి పరుగెత్తాను. సోరా జుట్టుకు బిగుతుగా వల టోపీ వేసుకుని ఉంది, నుదుటి మీద మైకు తీగ అంటించి ఉంది. నిలబడే ఉంది. బల్ల మీద ఉండచుట్టిన సముద్రపు రంగు పట్టు.

“వద్దన్నానా లేదా పిన్నీ?” అంది. గొంతు కాపాడుకోవడానికి మెల్లగా అంది గానీ, ఆ మెల్లదనమే కోసేట్టుంది. “ఆ పిల్లలంతా వస్తున్నారు. పట్టుకుంటారు. నువ్వే అన్నావు పట్టుకుంటారని.”

“అది నీది కాదే.”

“ఈ రంగు నేను ఎంచింది.”

“రంగు నీది. మాట వాళ్లది. చదివావా?”

“చదవడానికేముంది, నువ్వు రాసిందేగా.”

“విప్పి చూడు.”

విప్పింది. నేను ఆమెను ఎరిగిన ఇన్నేళ్లలో ఆమె కాలు, చెయ్యి, కన్ను అన్నీ ఒకేసారి కదలకుండా ఉండడం అప్పుడే చూశాను.

“ఎవరు వీళ్లు?”

“శనివారం నీ కుర్చీలు. బయట నిలబడ్డారు. ఇటివ్వు, గాలికి ఊడిపోయిందని చెప్పి కట్టేస్తాను. ఖర్చు లేని మాట. నువ్వు వేషం వేసుకో.”

ఆమె ఇవ్వలేదు. వల టోపీతోనే, నుదుటి మీద తీగతోనే, చెప్పులు లేకుండా వసారాలోకి నడిచింది. వేషం వేసుకోకుండా నటి జనంలోకి రావడం మా వీధిలో ఎవరూ చూడని పని. పిల్లలు ఫోనులు దించేశారు. ఆమె ముడతలు పడ్డ రిబ్బనును చట్రానికి తనే కట్టింది. ముడి రెండుసార్లు జారింది.

“నేనే పీకేశాను,” అంది. “నాకు నేనే ఒకటి కొనుక్కుందామని పిన్నికి చెప్పాను. తర్వాత వద్దన్నాను. ఇది చూసి, అదే అనుకున్నాను. నాకు ఎవరైనా పంపుతారని అనుకోలేదు.”

మేంగ్ గారి ముఖం చూస్తే, ఆయన మనసులో పొడిగింపు జాబితాలోంచి ఆమె పేరు కొట్టివేస్తున్నట్టు ఉంది. నాకు నా సరుకు మీద కూడా అంత బెంగ ఎప్పుడూ కలగలేదు.

హన్బి గొంతు సవరించుకుంది. “మీకు మీరు కొనుక్కునేదాంట్లో ఎన్ని బస్తాలు పెట్టమన్నారు?”

“ఒకటి.”

“ఒక్కటా? సొంతానికి కొనుక్కుంటూ కూడా పిసినారితనమేనా అక్కా?”

అంతవరకూ ‘నామ్ సోరా గారు’ అన్నది అక్కా అంది. వెనక ఎవరో పక్కున నవ్వారు. ఆపుకోలేక అందరూ నవ్వారు. సోరా ముఖం రెండు చేతుల్తో మూసుకుని నవ్విందో ఏడ్చిందో, మైకు తీగ ఊడి ముక్కు మీదికొచ్చింది.

ఆ రోజు ఆటలో ఆ పాటకు ఆమె నడిమధ్యలో నిలబడలేదు. అంచు నుంచి అంచుకు తిరిగి పాడింది. ఈసారి లైటు మనిషి ఆలస్యం కాలేదు.

వారం తిరగకముందే మేంగ్ గారు దుకాణానికొచ్చారు.

“షావుకారమ్మ గారూ, ఇదేం గోల? ఒక నటి తనకు తనే స్టాండు చెప్పుకుందని ఫోనులన్నింట్లో నవ్వుతున్నారు.”

“నవ్వేవాళ్లు టికెట్లు కొంటున్నారా?”

ఆయన బుగ్గ గోక్కున్నారు. “అదే అర్థం కావట్లేదు. కొంటున్నారు.”

తర్వాతి బుధవారానికి నాకు ఆర్డర్ల మీద ఆర్డర్లు వచ్చాయి. అందరికీ ఆ సముద్రపు రంగే కావాలి. అటక మీది చుట్ట అయిపోయి కొత్తది తెప్పించాను. మొదటి స్టాండు మీద ‘ఇది సోరా కొన్నది కాదు’ అని రాయమన్నారు. రెండోదాని మీద ‘ఇదీ కాదు.’ గోడ పొడుగునా అదే వరస. చివరిదాని మీద ‘దీని సంగతి అనుమానమే.’ దాన్ని చూసి సోరా నా వైపు తిరిగింది. నేను అడ్డంగా తల ఊపాను.

పొడిగింపు పోస్టరు మీద రెండు పేర్లు వచ్చాయి: యెరాంగ్, నామ్ సోరా. పెద్దావిడకు సీరియల్ ఇంకా సాగుతోందట, తనే తప్పుకుంది. కుర్చీలు నిండుతుంటే దర్శకుడు తను గీసిన చోటు మాట ఎత్తలేదు. ఆ కబురు తెలిసిన రోజు సోరా గంతులేస్తుందనుకున్నాను. మెట్ల మీద నిలబడి గోరు కొరుక్కుంటోంది.

“ఆవిడ తప్పుకుందని నన్ను ఉంచారా పిన్నీ, నన్ను ఉంచాలనే ఆవిణ్ని పోనిచ్చారా?”

“బస్తాలో ఏ గింజ ఏ మడిదో అడుగుతావా?”

“అడుగుతాను.”

బియ్యం తోలాల్సిన రోజున ఆమె కూడా వ్యానులో ఎక్కింది. పక్క వీధిలో ముసలివాళ్ల భోజనశాల. నేను మనుషుల్ని పిలిచేలోపే ఒక బస్తా భుజాన వేసుకుంది, గొంతు పోతుందే అంటే వినలేదు. వంట చేసే ముసలావిడ బస్తాల మీది కాగితం చదివి అడిగింది.

“ఎవరమ్మా ఈ నామ్ సోరా?”

సోరా బస్తా దింపి, నడుము పట్టుకుంది. ఉడుత తోకనాటి నొప్పి అది. “పాటలు పాడుతుంది,” అంది.

“బాగా పాడుతుందా?”

సోరా నా వైపు చూసింది. నేను బస్తా మూతి విప్పి గుప్పెడు బియ్యం తీసి ఆవిడ చేతిలో పోశాను.

“బియ్యం కొత్తవి,” అన్నాను. “చూసుకోండి.”

ఆవిడ గింజలు రుద్ది, వాసన చూసి, సరేనంది. ఇటు తిరిగితే సోరా అప్పటికే వ్యాను తలుపు దగ్గర ఉంది. ఆకురాలు కాలంలో వచ్చే కొత్త నాటకానికి నటుల ఎంపిక పరీక్ష ఎప్పుడో ఫోనులో ఎవరినో అడుగుతూ, ఇటు రెండడుగులు, అటు రెండడుగులు వేస్తోంది.